రివర్స్ కాదమ్మా, నదులు: మా గ్యారేజీ ప్రాజెక్టు డైరీ

జనవరి 4, ఆదివారం

అమ్మ అమెరికా సిటిజన్‌షిప్ పరీక్షకి ఈ రోజు మొదటి మాక్ టెస్ట్ పెట్టాం. ప్రశ్నలు అడిగింది మా పాప. దానికి తొమ్మిదేళ్లు. ఇక్కడే పుట్టింది కాబట్టి అచ్చం ఆఫీసరమ్మలాగే అడుగుతుంది. రాజ్యాంగం, సెనేటర్లు, జెండా మీద నక్షత్రాలు అన్నీ అమ్మ టకటకా చెప్పేసింది. 88వ ప్రశ్న దగ్గర బండి ఆగింది. "నేమ్ వన్ ఆఫ్ ద టూ లాంగెస్ట్ రివర్స్ ఇన్ ద యునైటెడ్ స్టేట్స్."

అమ్మ నా వైపు చూసింది. "రివర్సా? నాకు కారు నడపడమే రాదు కదరా, రివర్స్ గేరు సంగతి నన్నడుగుతారేంటి?"

పాప పడి పడి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది గానీ తర్వాత ఆలోచిస్తే అమ్మ తప్పేం లేదనిపించింది. మన ఇళ్లల్లో రివర్స్ అంటే కారు వెనక్కి పోవడమే. నదుల్ని నదులంటాం, ఏరంటాం, ఇంగ్లిష్‌లో చెప్పినా పక్కన పేరు తగిలిస్తాం. ఒట్టి "రివర్స్" అనే మాట అమ్మ చెవిన ఎప్పుడూ పడలేదు.

అమ్మకి గ్రీన్‌కార్డు వచ్చి అయిదేళ్లు నిండాయి. వయసు 64. యాభై దాటి గ్రీన్‌కార్డు మీద 20 ఏళ్లు, లేదా 55 దాటి 15 ఏళ్లు ఉన్నవాళ్లకి ఇంగ్లిష్ పరీక్ష ఉండదు, ప్రశ్నలు మన భాషలోనే అడిగించుకోవచ్చు. అమ్మకి ఆ సౌకర్యం లేదు. ఎన్-400 అనే సిటిజన్‌షిప్ దరఖాస్తు ఫారం కిందటి ఆగస్టులో ఆన్‌లైన్‌లో వేశాం, ఫీజు 710 డాలర్లు. 2025 అక్టోబరు 20 నుంచి వేసినవాళ్లకి కొత్త పరీక్ష: 128 ప్రశ్నల్లోంచి 20 అడుగుతారు, 12 చెప్పాలి. మాది అంతకు ముందే కాబట్టి పాత 100 ప్రశ్నల జాబితానే. అందులోంచి పది వరకు అడుగుతారు, ఆరు చెబితే చాలు.

అమెరికాలో అతి పొడుగైన రెండు నదుల్లో ఒకటి చెప్పమన్న ఆ ప్రశ్నకి జవాబు మిజూరి లేదా మిసిసిపి, ఏదో ఒకటి చెబితే సరిపోతుంది. ఒక్క మాట బట్టీ పట్టించి వదిలేయొచ్చు. కానీ అమ్మ అడిగింది: "ఆ నది ఎక్కడుంది?"

మేముండేది కాన్సస్ సిటీలో. మిజూరి నది వంతెన మీద నుంచి అయిదేళ్లుగా వారానికి రెండుసార్లు అమ్మని కారులో తిప్పుతూనే ఉన్నాను. ఆ కింద పారేది ఏంటో ఒక్కసారి కూడా చెప్పలేదు.

జనవరి 10, శనివారం

పరికరాలు: పన్నెండు కాగితాల మీద ముక్కలు ముక్కలుగా ప్రింట్ తీసి టేపుతో అతికించిన అమెరికా పటం, నీలం ఊలు ఒక ఉండ, గోధుమరంగు ఊలు ఒక ఉండ, అమ్మ కుట్టుమిషను డబ్బాలోని టేపు.

పటం వెడల్పు 42 అంగుళాలు, ఎత్తు 24. అంటే అంగుళానికి సుమారు 67 మైళ్లు. మా అంకెలు అమెరికా జియలాజికల్ సర్వేవి: మిజూరి 2,341 మైళ్లు, మిసిసిపి 2,340. లెక్క కట్టి, రెండూ ముప్పై అయిదు అంగుళాలకి పిసరు తక్కువ కత్తిరించమన్నాను. అమ్మ ముప్పై ఏళ్లు జాకెట్లు కుట్టిన మనిషి. టేపు మెడలో వేసుకుని కత్తెర తీసింది.

"రెండింటికీ తేడా ఎంతరా?"

"ఒక మైలు."

"దీని మీద ఎంత?"

అంగుళంలో అరవై ఏడో వంతు. ఊలు పోగు మందం కూడా లేదు. అమ్మ రెండు పోగులూ పక్కపక్కన పట్టుకుని చూసి "కవలలు" అని తేల్చేసింది.

ఇంటర్నెట్‌లో తవ్వేకొద్దీ కవలల కొలతలు మారిపోతున్నాయి. సర్వే వాళ్లదే ఇంకో పాత పట్టికలో మిజూరి 2,540 మైళ్లు. దాని పుట్టుకని ఇంకా పైనున్న ఏరు దాకా లాగితే అంత వస్తుంది. మిసిసిపి పుట్టే చోట పెట్టిన బోర్డు మీదేమో 2,552 మైళ్లని చెక్కి ఉంది. పైగా 1930లలో ఆర్మీ ఇంజినీర్లు మిసిసిపి కింది భాగంలో పెద్ద పెద్ద మెలికల్ని అడ్డంగా తెగ్గొట్టి నదిని సుమారు 150 మైళ్లు పొట్టి చేశారు. అమ్మకి ఇదేం వింతగా అనిపించలేదు. "సర్వేయరు మారితే పొలం కొలత మారదూ?"

అసలు తమాషా తర్వాత మొదలైంది. నీలం ఊలుని మినసోటాలో పిన్ను పెట్టి, నది గీత వెంబడి పరుచుకుంటూ లూసియానా దాకా వచ్చాం. సముద్రం వచ్చేసింది, చేతిలో ఊలు ఇంకా పన్నెండు అంగుళాలు మిగిలింది. లెక్క తప్పిందనుకుని మళ్లీ కొలిచాను. తప్పలేదు. పటంలో మిసిసిపి కాస్త వంకరగా ఉన్న గీత, అంతే. నిజం నదిలో ఆ గీతలోని ప్రతి అంగుళంలోనూ పదేసి మెలికలుంటాయి. ఇంత చిన్న పటం మీద అవి కనపడవు.

నేను దీన్ని ఎలా చెప్పాలా అని చూస్తుంటే అమ్మే అంది: "పొడుగు గుడ్డని పొట్టి నడుముకి పెట్టాలంటే కుచ్చిళ్లు పోయాలి కదా, ఇదీ అంతే." మిగిలిన ఊలంతా మెంఫిస్ నుంచి కిందికి సన్న సన్న కుచ్చిళ్లుగా మడిచి పిన్నులు గుచ్చింది. ఆ కింది భాగంలోనే మెలికలు ఎక్కువని నేను చెప్పలేదు, కాగితం మీద అక్కడ ఖాళీ ఎక్కువుందని పెట్టిందట.

జనవరి 17, శనివారం

ఊలు బాగుంది గానీ పారదు. "నీళ్లు పోసి చూపించు నాన్నా" అంది పాప. నాకూ చెయ్యి దురదగానే ఉంది.

హార్డ్‌వేర్ షాపు నుంచి గోడల్లో పెట్టే గులాబీరంగు ఫోమ్ బోర్డు తెచ్చాను, రెండంగుళాల మందంది. పటం కొలతకి కోసి, నమూనాకి ఎత్తులు లెక్కేశాను. ఇక్కడే చుక్కెదురు. మిసిసిపి పుట్టే ఇటాస్కా సరస్సు సముద్రమట్టానికి 1,475 అడుగుల ఎత్తున ఉంది. మా స్కేలులో అది మిల్లీమీటరులో పదో వంతు. మిజూరి పుట్టే త్రీ ఫోర్క్స్ దాదాపు 4,000 అడుగులు, అయినా మిల్లీమీటరులో మూడో వంతు రాదు. అంటే నిజమైన స్కేలు పాటిస్తే నా బోర్డు బల్లలా చదునుగా ఉండాలి, నీళ్లు ఎటూ కదలవు. ఇటాస్కా నుంచి సముద్రం దాకా మిసిసిపి మైలుకి ఒక్క అడుగు కూడా దిగదు. ఆ మాత్రం వాలుతో అంత నీరు వేల మైళ్లు ఎలా నడుస్తుందో, ఈ లెక్క వేశాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

కాబట్టి అబద్ధం ఆడాల్సిందే. ఎడమ పక్క రాకీ పర్వతాలు రెండున్నర అంగుళాలు, కుడి పక్క అపలాచియన్ కొండలు ఒక అంగుళం, మధ్యలో లోయ పావు అంగుళం. ఎత్తు యాభై అరవై రెట్లు పెంచినట్టు.

చాకుతో కోస్తే ఫోమ్ పొట్టు గ్యారేజీ అంతా ఎగిరింది. వేడి తీగతో కోస్తే శుభ్రంగా తెగుతుంది గానీ పొగ మంచిది కాదు. తలుపు పూర్తిగా ఎత్తి పెట్టి, చలికి వణుకుతూ కోశాను.

జనవరి 25, ఆదివారం

గోడ అతుకులకి పూసే జాయింట్ కాంపౌండ్ మెత్తగా వెన్నలా ఉంటుంది. గరిటెతో పూసి కొండలకి నునుపు తెచ్చాను. నిన్న రాత్రి గ్యారేజీలోనే వదిలేస్తే చలికి ఆరనే లేదు, మందంగా పూసిన రాకీల మీద పర్రెలు కూడా విచ్చాయి. బోర్డుని ఇంట్లోకి మోసి భోజనాల బల్ల మీద పెట్టాం. మా ఆవిడ ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం నాకు తెలుసు.

పలచగా రెండు పూతలు, మధ్యలో ఒక రోజు ఆరనివ్వడం. ముందే ఇలా చేయాల్సింది.

జనవరి 31, శనివారం

ఈ రోజు చేసిన వెధవ పని రాయకపోతే డైరీ ఎందుకు.

సరస్సుల చోట కాంపౌండ్ పూయలేదు, ఒట్టి ఫోమే ఉంది. నీలం రంగు త్వరగా అయిపోతుందని స్ప్రే డబ్బా తీసి కొట్టాను. అరనిమిషంలో చిటపటమని శబ్దం. స్ప్రేలో ఉండే ద్రావకం ఫోమ్‌ని తినేస్తుందట. చూస్తుండగానే మిచిగన్ సరస్సు ఒడ్డు కరిగి సుపీరియర్ సరస్సులోకి కలిసిపోయింది. విస్కాన్సిన్ రాష్ట్రం సగం గోవింద.

అమ్మ వచ్చి చూసి "మంచినీళ్లకి కొదవ లేదులే" అంది.

గుంటల్ని కాంపౌండ్‌తో పూడ్చాను. ఇక నుంచి అన్నీ కుంచెతో, నీళ్లలో కలిసే ఆక్రిలిక్ రంగులే. ఎవరైనా ఈ ప్రాజెక్టు చేస్తే ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి.

ఫిబ్రవరి 7, శనివారం

మొదటిసారి నీళ్లు వదిలాం. కింద ప్లాస్టిక్ ట్రే, దక్షిణం అంచు ట్రేలోకి. రెండు సిరంజిలు. పాప ఇటాస్కా దగ్గర నీలం నీళ్లు, అమ్మ మోంటానాలో త్రీ ఫోర్క్స్ దగ్గర పసుపు నీళ్లు.

మిసిసిపి బుద్ధిగా దిగింది. మిజూరి నార్త్ డకోటా దాకా వచ్చి, దక్షిణానికి తిరగాల్సింది పోయి, నేరుగా ఉత్తరం అంచు దాటి బల్ల మీదికి పారింది. కెనడా ఉండాల్సిన చోట మా కంచాలున్నాయి.

ఉత్తరం అంచు ఎత్తు చేయడం మర్చిపోయానన్నమాట. తిట్టుకుంటూ తుడుస్తూ, అసలు ఆ నది అక్కడ ఎందుకు తిరుగుతుందో వెతికాను. తుడిచే గుడ్డ అలాగే చేతిలో ఉండిపోయింది. మంచుయుగానికి ముందు ఎగువ మిజూరి నిజంగానే ఉత్తరానికి, కెనడాలోని హడ్సన్ అఖాతం వైపు పారేదట. ఉత్తరం నుంచి దిగిన హిమపు పలకలు దారి మూసేస్తే, వాటి అంచు వెంబడి కొత్త దారి చేసుకుని దక్షిణానికి మళ్లింది. నా బోర్డు మీద నీళ్లు పోయింది తప్పుదారి కాదు, పాతదారి. ఇప్పటికీ ఆ పక్కనే ఉన్న రెడ్ నది, నార్త్ డకోటాకి మినసోటాకి మధ్య సరిహద్దుగా, ఉత్తరానికే పారి కెనడాలోని విన్నిపెగ్ సరస్సులో కలుస్తుంది.

అమ్మకి చెబితే అడిగింది: "అయితే అది రివర్స్ అయిన రివరన్నమాట." ఆ మాటతో ఆవిడకి 88వ ప్రశ్న ఇక జన్మలో మర్చిపోయే అవకాశం లేదు.

ఉత్తరం అంచున ముప్పావు అంగుళం కట్ట వేశాను. మంచు పలకకి గుర్తుగా పాప దానికి తెల్లరంగు వేసింది.

ఫిబ్రవరి 15, ఆదివారం

రెండోసారి నీళ్లు. మిజూరి ఈసారి బుద్ధిగా తిరిగింది. నార్త్ డకోటా, సౌత్ డకోటా, నెబ్రాస్కా అయోవాల మధ్య సరిహద్దు, ఆపైన మా కాన్సస్ సిటీ. ఇక్కడే ఒక్కసారిగా తూర్పుకి తిరుగుతుంది. మా ఇంటి చోట పాప ఎర్ర పిన్ను గుచ్చింది. సెయింట్ లూయిస్ పైన రెండు రంగులూ కలిసి ఆకుపచ్చ అయ్యాయి. అందరం చప్పట్లు కొట్టాం.

అయిదు నిమిషాల తర్వాత ఆకుపచ్చ కాస్తా పాలరంగులోకి తిరిగింది. నదులకి రంగు వేశాను గానీ పక్కనున్న మైదానాలకి వేయలేదు. జాయింట్ కాంపౌండ్ నీళ్లకి కరిగి జారిపోతోంది. సిరంజిలు ఆపేసరికి లూసియానా కింద, ట్రేలో, విసనకర్ర ఆకారంలో తెల్లటి బురద మేట వేసింది.

ఇది పాడైపోయిందని నేను, "డెల్టా వచ్చింది!" అని పాప. స్కూల్లో ఈ మధ్యే చెప్పారట. నిజమే. మిజూరికి ఇక్కడి వాళ్లు పెట్టిన ముద్దుపేరే "పెద్ద బురద". లూసియానా దక్షిణ భాగమంతా వేల ఏళ్లుగా ఈ నదులు మోసుకొచ్చిన మట్టి. మిసిసిపి పరివాహకం, అలాస్కా, హవాయి తీసేస్తే మిగిలే 48 రాష్ట్రాల భూమిలో సుమారు 40 శాతం. అంత నేల మీద పడ్డ వాన కడిగిందంతా చివరికి ఒక్క గొంతులోంచి దిగాలి.

పాప బంకమట్టి తీసుకుని డకోటాల్లో ఒక ఆనకట్ట కట్టింది. మళ్లీ నీళ్లు వదిలితే బురద ఆనకట్ట వెనకాలే ఆగిపోయింది, కిందికి తేట నీరు దిగింది. అసలు మిజూరి మీద ఆర్మీ ఇంజినీర్ల పెద్ద ఆనకట్టలు ఇలాంటివి ఆరున్నాయి. ఫోర్ట్ పెక్, గారిసన్, ఒవాహీ, బిగ్ బెండ్, ఫోర్ట్ రాండల్, గావిన్స్ పాయింట్. వరదలకి, కరెంటుకి, సేద్యానికి కట్టారు. మట్టి వాటి వెనక పడుకుంటోంది, కింద లూసియానా తీరం కోసుకుపోవడానికి ఉన్న కారణాల్లో అదీ ఒకటి. అమ్మ ట్రేలో డెల్టా వంక చాలాసేపు చూసింది. "పైన కట్టుకుంటే కింద వాడికి మట్టి కూడా రాదన్నమాట" అని మాత్రం అంది. డెల్టా ఊళ్లో పుట్టిన మనిషి.

ఆరాక నీళ్లలో కలిసే వార్నిష్ రెండు పూతలు వేశాను. ఇక కరగదు. కొంచెం బాధగానే ఉంది.

ఫిబ్రవరి 21

ఇంటర్వ్యూ నోటీసు వచ్చింది. మార్చి 26, గురువారం ఉదయం. ఇంట్లో టెన్షన్ మొదలు.

ఫిబ్రవరి 28, శనివారం

ఈ వారం బోర్డు మీద కొత్త పనేం చేయలేదు, దాని మీద చదివాం. ఒక్క ప్రశ్న కోసం మొదలుపెట్టిన బోర్డు ఇంకో నాలుగు ప్రశ్నలకి పనికొస్తోంది.

కెనడాని ఆనుకున్న ఒక రాష్ట్రం చెప్పమంటే అమ్మ ప్రతిసారీ "మిజూరి" అనేది. నది పేరూ రాష్ట్రం పేరూ ఒకటే కావడం పెద్ద చిక్కు. మిసిసిపికీ అదే గొడవ. ఇప్పుడు బోర్డు మీద వేలు పెట్టమన్నాను. మిజూరి పుట్టింది మోంటానాలో, మిసిసిపి పుట్టింది మినసోటాలో. రెండూ కెనడా అంచునే ఉన్నాయి, రెండూ సరైన జవాబులే. "పుట్టిళ్లు రెండూ పై అంచున" అని అమ్మ గుర్తుపెట్టుకుంది. మెక్సికోని ఆనుకున్న రాష్ట్రానికి రియో గ్రాండే వెంట వేలు జరిపితే న్యూ మెక్సికో, టెక్సస్ తగులుతాయి. ఎల్ పాసో నుంచి సముద్రం దాకా ఆ నదే సరిహద్దు.

ఫ్రాన్స్ దగ్గర 1803లో కొన్న భూభాగం ఏదంటే లూసియానా. దీన్ని బోర్డు మీద ఎలా చూపాలా అనుకుంటే సులువైన దారి దొరికింది. మిసిసిపికి పడమటి పక్క మిజూరి తడిపే నేలే అందులో చాలా భాగం. కోటీ యాభై లక్షల డాలర్లకి బేరం. ఆ నేల ఎలా ఉందో చూసి రమ్మని అధ్యక్షుడు జెఫర్సన్ లూయిస్, క్లార్క్ అనే ఇద్దరు సైనికాధికారుల్ని పంపాడు. 1804 మేలో మిజూరి కలిసే చోటికి ఎదురుగా బయల్దేరి, నదికి ఎదురీదుకుంటూ వెళ్లి, మరుసటి ఏడు త్రీ ఫోర్క్స్ చేరారు. అక్కడ కలిసే మూడు ఏర్లలో ఒకదానికి జెఫర్సన్ పేరే పెట్టారు. "డబ్బిచ్చినాయన పేరు పెట్టారు, తప్పేముంది" అంది అమ్మ. స్వాతంత్ర్య ప్రకటన రాసింది ఎవరు అనే ప్రశ్నకీ ఆయనే జవాబు కాబట్టి ఈ పేరు ఇక మర్చిపోదు.

ఇటాస్కా పేరు కథ కూడా చెప్పాలి. వినడానికి ఇక్కడి ఆదివాసీల మాటలా ఉంటుంది. కాదు. 1832లో స్కూల్‌క్రాఫ్ట్ అనే ఆయన్ని ఓజిబ్వే తెగ పెద్ద ఒజావిండిబ్ ఆ సరస్సు దగ్గరికి తీసుకెళ్లాడు. స్కూల్‌క్రాఫ్ట్ "వెరిటాస్ కాపుట్" అనే లాటిన్ మాటల్లో, అంటే సత్యం, శిరస్సు, తలా తోకా కోసేసి మధ్య ముక్కని సరస్సుకి పేరు పెట్టాడు. దారి చూపించినవాడి భాషలోంచి మాత్రం నది పేరే మిగిలింది. మిసి జీబి, పెద్ద నది.

మార్చి 14, శనివారం

సంగమం చూడాలని అమ్మ పట్టు. తెల్లవారుజామునే బయల్దేరి ఐ-70 హైవే మీద తూర్పుకి, నాలుగు గంటల పైనే ప్రయాణం. దారిలో మిజూరిని దాటాం. "మన ఇంటి దగ్గర నుంచి ఇది కూడా వస్తోందా మనతో?" అని అమ్మ. వస్తోంది, కాకపోతే మనకంటే చాలా నెమ్మదిగా. మిసిసిపిలో అయితే ఇటాస్కా దగ్గర పడ్డ చినుకు సముద్రం చేరడానికి సుమారు 90 రోజులు పడుతుందట. అమ్మ వెంటనే "మన ఇంటర్వ్యూ పన్నెండు రోజులే" అంది. ప్రతిదీ అక్కడికే వస్తోంది ఇప్పుడు.

సెయింట్ లూయిస్‌కి ఉత్తరాన, వెస్ట్ ఆల్టన్ అనే చిన్న ఊరి దగ్గర కాన్‌ఫ్లుయెన్స్ పాయింట్ స్టేట్ పార్క్ ఉంది. వరదొస్తే మునిగే నేల, అందుకని వెళ్లే ముందు తెరిచుందో లేదో చూసుకున్నాం. చదును పొలాల మధ్య దారి. చివర కాలిబాట నడిస్తే నేల ముక్కులా సన్నబడుతుంది. కుడి చేతి పక్క మిజూరి, ఎడమ చేతి పక్క మిసిసిపి, ముక్కు చివర రెండూ.

ఇంత స్పష్టంగా ఉంటుందని నేననుకోలేదు. మిజూరి టీ రంగులో, కట్టె ముక్కలు తేలుతూ, తొందరగా. మిసిసిపి బూడిద ఆకుపచ్చ. రెండూ తగిలిన చోట నీటి మీద సన్నటి గీత, నురుగుతో, కిందికి కనుచూపు మేర అలాగే సాగింది. వెంటనే కలవవు. ఒకే మంచంలో చెరో అంచున పడుకున్నట్టు పక్కపక్కనే పారతాయి. మా బోర్డు మీద చటుక్కున ఆకుపచ్చ అయిపోయాయి కదా, అది తప్పు.

అమ్మ చెప్పులు విప్పింది. ప్రవాహం వేగంగా ఉంది, దిగొద్దన్నాను. "దిగనురా, నీళ్లు తీసుకోనీ." నేను మోచెయ్యి పట్టుకుంటే అంచున వంగి, కుడి చేత్తో కుడి పక్క నీళ్లు తీసి తలమీద చల్లుకుంది, తర్వాత రెండడుగులు జరిగి ఎడమ పక్కవి. మంచులా ఉన్నాయి. పాప మీద కూడా చల్లింది, అది కెవ్వుమంది.

కాసేపు కూర్చున్నాక అమ్మ అడిగింది. "పొడుగు దీనిది కదా, ఇక్కడి నుంచి పేరు దానిదెందుకు?"

మంచి ప్రశ్న. మిజూరిని అసలు నదిగా లెక్కేస్తే, దాని మొదటి ఏర్ల నుంచి మెక్సికో అఖాతం దాకా 3,700 మైళ్లు దాటుతుంది, ప్రపంచంలోనే నాలుగో పొడుగు నది అవుతుంది. కానీ ఫ్రెంచి వాళ్లు మిసిసిపి మీదుగా పడవల్లో దిగుతూ వచ్చి, మిజూరిని పక్క నుంచి వచ్చి కలిసే నదిగా చూశారు. పటాలు అలాగే గీశారు. ఇంకాస్త కిందికి వెళితే కెయిరో అనే ఊరి దగ్గర ఒహాయో నది కలుస్తుంది, అది మోసుకొచ్చే నీరు మిసిసిపి నీటికంటే ఎక్కువ. అయినా దానిదీ పేరు పోయింది.

"పెళ్లయ్యాక ఇంటిపేరు మారినట్టు" అంది అమ్మ. నవ్వుతూ అందో లేదో తెలియలేదు, గాలికి కొంగు మొహానికి అడ్డం వచ్చింది.

తిరుగు ప్రయాణంలో పాప పరీక్ష పెట్టింది. "నానమ్మా, నేమ్ వన్ ఆఫ్ ద టూ..." పూర్తి కాకుండానే "మిజూరి అండ్ మిసిసిపి" అని వచ్చేసింది. ఒకటే చెప్పు నానమ్మా, ఒకటి చాలు అని అది ఎంత చెప్పినా వినదు. "రెండింటి నీళ్లూ చల్లుకుని ఒకదాని పేరే చెబితే ఎలాగే?"

మార్చి 26, గురువారం

పాసయింది.

నన్ను లోపలికి రానివ్వలేదు, బయట కుర్చీలో కూర్చుని గోళ్లు కొరికాను. ఇరవై అయిదు నిమిషాలకి వచ్చింది. మొహంలో ఏదో తేడాగా ఉంటే పోయిందేమో అనుకున్నాను. చేతిలో కాగితం మీద మాత్రం పాస్ అని ఉంది.

ఏడు ప్రశ్నలు అడిగారట. ఆరు సరైనవి రాగానే ఆపేస్తారు కదా, అలా ఆగింది. ఒకటి పోయింది, చీఫ్ జస్టిస్ పేరు. నదుల ప్రశ్న రాలేదు.

"అడగలేదురా" అని కారెక్కేదాకా అదే మాట. రెండు నెలలు బల్ల మీద అన్నం తినకుండా చేసిన నది కదా. రెండు పేర్లూ నోట్లో పెట్టుకుని కూర్చుందట, ఆఫీసరు ఎప్పుడు అడుగుతాడా అని. చివరికి ఆరో జవాబు దగ్గర ఆయన "వేర్ ఈజ్ ద స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ" అన్నాడు. న్యూయార్క్ అంటే చాలు. లిబర్టీ ఐలాండ్ అన్నా చాలు. అమ్మ "ఆన్ ద హడ్సన్ రివర్" అంది.

ఆయన ఒక క్షణం తలెత్తి చూసి, నవ్వి, టిక్కు పెట్టాడట. అదీ జాబితాలో ఒప్పుకునే జవాబే. ఎక్కడ చదివావమ్మా అంటే "ఆ ప్రశ్న కింద చిన్న అక్షరాల్లో ఉంది, నువ్వు చూడలేదా? ఒక నదైనా చెప్పి రావాలి కదా" అంది.

మార్చి 28, శనివారం

బోర్డుని గ్యారేజీలో గోడకి తగిలిద్దామని తీశాను. భోజనాల బల్ల ఖాళీ అవుతుందని మా ఆవిడ మొహం విప్పారింది. అమ్మ అడ్డుపడింది.

"దీని మీద హడ్సన్ ఏదిరా?"

లేదు. తూర్పు తీరంలో ఏ నదీ చెక్కలేదు, మాకు అవసరం రాలేదు. న్యూయార్క్ చోట ఒక నీలం పిన్ను మాత్రం ఉంది.

"నన్ను గట్టెక్కించింది అదే. పెట్టు."

హడ్సన్ 315 మైళ్లు. అంగుళానికి 67 చొప్పున వేస్తే నాలుగు అంగుళాల ముప్పావుకి ఓ పిసరు తక్కువ. అమ్మ టేపు మెడలో వేసుకుని నీలం ఊలు ఉండ వెతుకుతోంది. ఆ నది పెద్దగా మెలికలు తిరగదు, దాదాపు నిటారుగా దక్షిణానికి దిగుతుంది. ఈసారి కుచ్చిళ్లు అక్కర్లేదని ముందే చెప్పాను. "అయినా అరంగుళం ఎక్కువే కత్తిరిస్తా, తక్కువైతే అతకలేం" అంది.